గోడమీది పాస్‌వర్డు

సూర్యకాంతం తను తెచ్చిన చెరువునీళ్ల సీసాని బల్ల మీద పెట్టింది. అందుకోడానికి మానస అప్పటికే చెయ్యి చాపి ఉంది. చాపిన చెయ్యి ఊరికే వెనక్కి తీసుకుంటే బాగుండదని పక్కనున్న పెన్ను తీసుకుంది.

"పేరు రాయకమ్మాయ్. నెంబరు వెయ్యి, చాలు," అందావిడ మెత్తగా. "ఏవనుకోకు. రోజులు బాగాలేవు కదా."

"అలాగేనండి," అంది మానస.

ఆమె ఏమీ అనుకోలేదు. ఈమధ్య ఆమె ఏదీ అనుకోవడం లేదు. చీటీ చింపి, నెంబరు వేసి, సీసాకి అంటించి ట్రేలో పెట్టింది. చీటీ వంకరగా పడింది. మామూలుగా అయితే పీకి మళ్లీ అంటించేది. ఇప్పుడు అలాగే వదిలేసింది.

ఏలూరు దాటి పెదపాడు వెళ్లే రోడ్డు పక్కన మధుబాబు ఆక్వా ల్యాబ్ ఉంది. ముందు గదిలో ఒక బల్ల, గోడ వారగా బెంచీలు. వెనక అద్దాల గది. కొల్లేటి అంచునున్న ఊళ్లలో రొయ్యల చెరువులు వేసినవాళ్లు సీసాల్లో నీళ్లూ, గాలి నింపిన కవర్లలో రొయ్యలూ పట్టుకొస్తారు. నీళ్లు ఎలా ఉన్నాయో, రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలిందో లేదో అద్దాల గదిలో పరీక్ష చేసి చెబుతారు. మొన్నమొన్నటిదాకా మానస చోటు ఆ లోపలి గది. తెల్లకోటు వేసుకుని, గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదులుతూ, సీసాలో ద్రాక్షపండు రంగు పోయి నీలం తేలే చుక్క దగ్గర టక్కున ఆపేది. ఇప్పుడా కోటు లోపల మేకుకి వేలాడుతోంది. బల్ల దగ్గర చీటీలు అంటించే మనిషికి కోటెందుకు?

సూర్యకాంతం వెళ్లి బెంచీ మీద కూర్చుని పక్కాయనతో మొదలుపెట్టింది. భర్త పోయాక చెరువులు తనే చూసుకుంటున్న మనిషి. గట్టు మీంచి పనివాళ్లని కేకేసి పిలవడం అలవాటు కావడం వల్ల, ఆవిడ రహస్యం చెబితే వీధి మలుపుదాకా వినిపిస్తుంది.

"సత్యనారాయణమూర్తి గారి చెరువుకి మచ్చొచ్చిందని ఆయనకి తెలిసేసరికే వీర్రాజు గట్టు మీద నిలబడి ఉన్నాడంటండీ, కాటా పట్టుకుని. రేటు సగానికి తెగ్గోశాడంట. పెద్దాయన ఏం చేస్తాడు, చచ్చిపోయే సరుకు పెట్టుకుని? ఇచ్చేశాడు."

"వీర్రాజుకి ఎవరు చెప్పారంటండి?"

"ల్యాబ్‌లోంచే తెలిసిందని వాడే అన్నాడంట. నిప్పు లేందే పొగ రాదు కదా." ఆవిడ అంతటితో ఊరుకుంది. ఊరుకుని బల్ల వైపు చూసింది.

పక్కాయన కూడా చూశాడు. మానస ట్రే ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అద్దాల గదిలో ఫణికిరణ్ ఒక్కడే ఉన్నాడు. మధుబాబు మేనల్లుడు. అతను తలెత్తకుండానే "అక్కడ పెట్టండి" అన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ప్లేటులో పునుగులు తిన్నవాళ్లే.

బయటికొచ్చేసరికి మధుబాబు తన గదిలోంచి పిలిచాడు.

"రామ్మా మానసా, కూర్చో. టీ తాగావా?"

ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. మూర్తిగారి గొడవైన రోజున కూడా పెంచలేదు. "కొన్నాళ్లు బయట బల్ల దగ్గర కూర్చోమ్మా, నీ మంచికే" అన్నాడంతే. నువ్వు చెప్పావా అని అడగలేదు. అడిగితే కాదని చెప్పేది. అడగని దానికి ఏమని చెబుతుంది? తిట్టినా బాగుండేదని మొదట్లో రెండు మూడు రాత్రులు అనుకుంది. తర్వాత అదీ అనుకోవడం మానేసింది.

"శనివారం కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు కదా. మన రిపోర్టులు వాళ్ల ఎక్స్‌పోర్టుకి పనికి రావాలంటే నెట్ భద్రంగా ఉండాలంట. మన గోడ చూసి ఒకటే నవ్వు." మధుబాబు కూడా నవ్వబోయి మానేశాడు.

నవ్వాల్సిన గోడే మరి. బెంచీల పైన, 'చెప్పులు బయట విడువుము' అన్న దాని కింద, అదే ఆకుపచ్చ పెయింటుతో, అదే పెయింటరు చేత వైఫై పాస్‌వర్డు రాయించాడు మధుబాబు. రైతేరాజు అని, ఇంగ్లీషు అక్షరాల్లో. మంచినీళ్లడిగితే ఇవ్వమా, ఇదీ అంతే అనేవాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి నెట్ లేదనడం ఆయన వంశంలో లేదట. నెట్ వాళ్ల తాతల నాడే ఉన్నట్టు.

"కొత్త రౌటరు కొనమన్నాడు. రౌటరు చేసినవాళ్ల నించి ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వచ్చేది ఉండాలంట. బయటివాళ్లకి వేరే లైను, మనకి వేరే లైను ఉండాలంట. మూడు వేల లోపులో చూడు. రెండు కొట్ల కొటేషన్లు కావాలి, ఒకటి ఏలూరులో కనుక్కో. కొనడం మాత్రం గూడెంలో మా బావమరిది కొట్లోనే కొను. మనవాడు. నువ్వెలాగూ ఖాళీగానే ఉన్నావు కదా."

ఖాళీగా ఉన్న మాట నిజమే. ఆమె తలూపింది. ఆయన వెనకాల అల్మరా మీద, అమ్మవారి పటం పక్కన, పాత రౌటరు ఆకుపచ్చ దీపం మిణుకుమంటోంది. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా దాని నుదుట ఎండిపోయి ఉన్నాయి. అది కొన్న ఏడే ల్యాబ్ నిలదొక్కుకుందని మధుబాబు నమ్మకం. కలిసొచ్చిన వస్తువు. అందుకే దాన్ని ఇన్నేళ్లూ ఎవరూ కదిలించలేదు.

మర్నాడు పొద్దున్న మానస స్కూటీ పవర్‌పేట స్టేషను దగ్గర పెట్టి, ఆ పక్క వీధిలోనే కంప్యూటర్ల కొట్టు కనిపిస్తే ఎక్కింది. కొట్లో ప్రీతి అనే అమ్మాయి ప్రింటరు విప్పుకుని కూర్చుంది. వేళ్లన్నీ నల్ల సిరా.

"రౌటరాండి? ఇంటికా, ఆఫీసుకా?"

"ల్యాబ్‌కండి. అప్‌డేట్లు రావాలంట."

ప్రీతి చేతులు తుడుచుకుంది. "ఆ మాట అడిగినవాళ్లని ఈ ఏడాది మిమ్మల్నే చూశాను. అందరూ ఎన్ని యాంటెన్నా కొమ్ములున్నాయనే అడుగుతారు." అని అరలోంచి ఒక పెట్టె దించి, తలకిందులు చేసి అడుగున ఉన్న స్టిక్కరు చూపించింది. "పెట్టె మీద పేరు చూసి మోసపోకండి. ఇదిగో, ఈ చిన్న వెర్షను నెంబరుంది చూడండి, ఇది ముఖ్యం. ఒకే పేరుతో పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. పాతదానికి కంపెనీవాళ్లు అప్‌డేట్లు ఆపేస్తారు. ఆపేశారా లేదా అన్నది వాళ్ల సైటులో ఉంటుందండి, మీ ఫోన్లోనే చూడండి."

మానస చూసింది. కింది నుంచి పైకి తేదీలు. పైన ఉన్నది పోయిన నెలది.

"దొంగలు కొత్త కొత్త కన్నాలు కనిపెడుతూ ఉంటారు, వీళ్లు పూడుస్తూ ఉంటారు. పూడ్చడం మానేసిన పెట్టె ఎంత చవగ్గా వచ్చినా దండగేనండి. ఇందులో రాత్రిపూట దానంతటదే అప్‌డేటు తెచ్చుకునే మీట ఉంది. అది వేసి పెట్టండి. లోపలి సెట్టింగుల పాస్‌వర్డు మొదటి రోజే మార్చెయ్యండి. ఇహ గెస్టు లైను. ఇప్పుడు మీకు ఎలా ఉంది?"

"అందరికీ ఒకటేనండి. గోడ మీద రాసుంటుంది."

ప్రీతి నవ్వలేదు. "అలాగైతే లోపలికొచ్చిన వాళ్లందరూ ఒకే గదిలో ఉన్నట్టండి. మీ కంప్యూటరూ, మీ ప్రింటరూ, బెంచీ మీద కూర్చున్నాయన ఫోనూ అన్నీనూ. మధ్యలో తలుపుండదు. ఇందులో తలుపుంటుంది."

వినవలసిన మాట చెవిన పడింది. మరొకప్పుడైతే మానస అక్కడే ఉలిక్కిపడేదేమో. కానీ మనసు మొద్దుబారితే చెవులు కూడా మొద్దుబారతాయి. ఆమె ఆ మాటని కూడా మిగతా వాటితో పాటు కాగితం మీద రాసుకుంది. గెస్టు లైను. తలుపు ఉండాలి. ధర రెండు వేల ఏడు వందలు. ప్రీతి కొటేషను మీద స్టాంపు వేసి ఇచ్చింది.

తాడేపల్లిగూడెం రైలు పాసింజరు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఊడ్పులు అయిన చేలు, చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు, మళ్లీ చేలు. ఎదురుగా కూర్చున్నావిడ జాంకాయ కోసి ఒక ముక్క ఇచ్చింది. మానస తిన్నది. పచ్చిదో పండుదో తెలియలేదు. బాగుందండి అంది.

బావమరిది కొట్టు ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్లే దారిలో ఉంది. ఆయన మధుబాబుతో ముందే ఫోన్లో మాట్లాడి ఉన్నాడు. పెట్టె కట్టి తయారుగా ఉంచాడు.

"నాలుగు కొమ్ములమ్మా. మీ మేడ మీదక్కూడా వస్తుంది సిగ్నలు. బావగారికి కాబట్టి పదిహేను వందలకే ఇస్తున్నాను."

"ఒకసారి తిప్పి చూడొచ్చాండి?"

తిప్పి చూసింది. అడుగున ఉన్న చిన్న నెంబరు ఫోన్లో కొట్టింది. తేదీలు వచ్చాయి. చివరి తేదీ చూస్తే ఆమె ఇంకా కాలేజీలో చదువుకునే రోజులది.

"దీనికి అప్‌డేట్లు ఆపేశారండి."

ఆయన ముచ్చటగా నవ్వాడు. "అప్‌డేటేంటమ్మా, ఇదేమన్నా ఫోనా? ఒకసారి తగిలించావంటే పదేళ్లు దాని జోలికెళ్లక్కర్లేదు. పట్టుకెళ్లు."

మామూలు రోజుల్లో అయితే మానస పట్టుకెళ్లిపోయేది. ఓనరు బావమరిది, పైగా నవ్వుతూ ఇస్తున్నాడు. ఎలా వద్దంటాం? అసలీ మర్యాద జబ్బు ఈ గోదావరి గాలిలోనే ఉంది. కానీ ఇవాళ ఆమెకి మొహమాటం కూడా తెలియడం లేదు. మొద్దుబారడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది.

"వద్దండి," అంది. "కొటేషను రాసివ్వండి, చాలు."

ఆయన నవ్వు అలాగే ఉండి కళ్లు మాత్రం మారాయి. కొటేషను రాసి, బల్ల మీద పెట్టి, ఆమె వైపు తోశాడు. ఆమె తీసుకుని దణ్ణం పెట్టి వచ్చేసింది.

తిరిగొచ్చి ప్రీతి కొట్లో పెట్టె కొని, స్కూటీ ముందు పెట్టుకుని ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. తండ్రి వరదానం రైసుమిల్లు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. తల్లి గుడి ప్రార్థనకి వెళ్లింది. మానస ఇద్దరికీ అన్నం పెట్టింది. దొండకాయ వేపుడు.

"మళ్లీ లోపల కూర్చోపెట్టారా?" అన్నాడు వరదానం.

"లేదు నాన్నా."

"లోపల పనిచేసేది ఇద్దరు కదా మీరు. ఆ అబ్బాయి పేరెందుకు రాలేదు?"

"మేనల్లుడు నాన్నా ఆయన."

వరదానం అన్నం కలుపుకున్నాడు. "బయట పనేంటి?"

"సీసాలు తీసుకుని చీటీలు వెయ్యడం. వాళ్లు బల్ల మీద పెడతారు, నేను తీసి నెంబరు వేస్తాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "చేతికివ్వట్లేదా?"

అలా పెట్టడం మానస చూస్తూనే ఉంది కానీ, దానికి ఒక పేరుంటుందని తట్టలేదు. వరదానానికి తట్టింది. ఆయన చిన్నప్పుడు టీకొట్టు బయట గ్లాసు ఎక్కడ పెట్టేవారో, పైనించి టీ ఎలా పోసేవారో ఆయన కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"పులుపెక్కువైందా?" అందామె. వేపుడులో పులుపే లేదు.

గురువారం పొద్దున్న మధుబాబు పెట్టె చూసి, బిల్లు చూసి, బావమరిది కొటేషను చూశాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు కానీ ఏమీ అనలేదు. అనకపోవడం ఆయన పద్ధతి. పాత రౌటరు తీసేటప్పుడు మాత్రం దగ్గరుండి, దాన్ని కళ్లకద్దుకుని, అమ్మవారి పటం వెనకాల పెట్టాడు. అది పటం పక్క నుంచి పటం వెనక్కి వెళ్లింది. కొన్ని వస్తువులకి రిటైర్మెంటు కూడా అలాగే ఉంటుంది.

మానస కొత్తది తగిలించింది. ప్రీతి చెప్పిన క్రమంలో ఒక్కొక్కటీ చేసింది. సెట్టింగుల పాస్‌వర్డు మార్చింది. రాత్రి అప్‌డేటు మీట వేసింది. ల్యాబ్ కంప్యూటరు, ప్రింటరు, మధుబాబు ఫోను, ఫణికిరణ్ ఫోను లోపలి లైనులో పెట్టింది. బెంచీలకి గెస్టు లైను ఇచ్చి, దాని పాస్‌వర్డు ఒక అట్ట మీద రాసి బల్ల మీద నిలబెట్టింది. గెస్టులు లోపలి యంత్రాలని చూడవచ్చునా అని అడిగితే కూడదు అన్న చోట నొక్కింది. పని సాఫీగా అయిపోయింది. అయినందుకు సంతోషమూ లేదు. పాత పెట్టెకి ఉన్న కుంకుమ కొంచెం వేలికి అంటుకుంది. చీర కొంగుకి తుడుచుకుంది.

బెంచీల మీద అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. సూర్యకాంతం గోడ మీది పాస్‌వర్డు పని చెయ్యడం లేదని గొడవ చేసి, అట్ట చూసి కొత్తది కొట్టుకుని, ఏదో వంటల వీడియో పెట్టుకుంది. మధుబాబు గుమ్మం దగ్గర నిలబడి కొత్త నెట్ ఎలా ఉందని ఒక్కొక్కరినీ కుశలం అడుగుతున్నాడు.

అప్పుడు వచ్చాడు వీర్రాజు. తెల్ల చొక్కా, చంకలో హెల్మెట్టు. ఈ చుట్టుపక్కల చెరువులన్నిట్లో సరుకు కొనేది అతనే. రోజూ పొద్దున్న ఇక్కడ టీ తాగనిదే అతనికి రోజు మొదలు కాదు. అందరికీ నమస్కారాలు పెట్టి, తన చోట్లో కూర్చుని, ఫోను తీశాడు. అట్ట చూసి పాస్‌వర్డు కొట్టుకున్నాడు. కాసేపు నొక్కాడు. కనుబొమలు ముడిపడ్డాయి. లేచి బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏవమ్మా, నెట్టొత్తంది గానీ మన ఫోల్డరు రావట్లేదేంటి?"

"ఏ ఫోల్డరండి?" అంది మానస.

"అదేనమ్మా, కంపెనీవాళ్ల రొయ్యల రేట్ల కాగితం ఉండేదీ. దాని పక్కనే మీ రిపోర్టులుంటాయి కదా, అది. పొద్దున్నే అది చూసుకుంటే గానీ ఐసు లారీ ఎటు పంపాలో తెలవదు నాకు. ఎవరి చెరువుకి మచ్చొచ్చిందో, ఎవరు తొందరపడి పట్టేసుకుంటారో. నిన్నటిదాకా చక్కగా వచ్చేది. కొత్తదాంట్లో ఏదో తేడా ఉంది, చూడు."

సూర్యకాంతం ఫోన్లో వంటావిడ ఉల్లిపాయలు వేగనివ్వాలి అంటోంది. ఎవరో ఆ ఫోను ఆపమన్నారు. ఆపింది.

మధుబాబు గుమ్మం దగ్గర నుంచి రెండడుగులు వేశాడు. "మా రిపోర్టులు మీరు చూడ్డమేంటి వీర్రాజు గారూ?"

"అదేంటండీ అలా అంటారు? మీరే కదా పెట్టించారు. రోజూ రేట్లు ఫోన్లో చెప్పలేక చస్తున్నాను, కంప్యూటర్లో పెడతాం, చూసుకోండి అన్నారు. ఫణిబాబు నా ఫోన్లో పెట్టాడు."

"రేట్ల కాగితం వరకే కదండీ..."

"కొట్టుగది తలుపు తీసిచ్చి బియ్యమే చూడు, పప్పు వంక చూడకంటే ఎలాగండీ? కనపడింది, చూశాను." వీర్రాజు గొంతులో దొంగతనం లేదు. రోజూ తాగే టీ ఇవాళ పొయ్యలేదేమని అడిగినట్టే అడుగుతున్నాడు.

మానస లేచి నిలబడింది. లోపలున్నన్నాళ్లూ రిపోర్టు టైపు చేసి ఆ ఫోల్డర్లో పెట్టింది తనే. సాయంత్రం మధుబాబు చూసి సంతకం పెట్టాక రైతుకి వెళుతుంది. పొద్దున్నించి సాయంత్రందాకా అది అక్కడే ఉంటుంది. ఒకే గది. మధ్యలో తలుపు లేదు. నల్ల సిరా వేళ్లతో ప్రీతి పెట్టె తిప్పి చూపించడం ఇప్పుడు కళ్ల ముందుకి వచ్చింది.

"మూర్తి గారి రిపోర్టు కూడా అందులోనే చూశారా?"

"అందులోనేనమ్మా."

"ల్యాబ్‌లోంచి తెలిసిందని చెప్పారు మీరు."

"ల్యాబ్‌లోంచే కదా. ఇదిగో, ఈ బెంచీ మీదే కూర్చుని చూశాను."

"నేను చెప్పానని అందరూ అనుకున్నారు. మీకు తెలుసు ఆ సంగతి."

వీర్రాజు హెల్మెట్టు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "ఎలా తెలిసిందని నన్నెవరూ అడగలేదమ్మా," అన్నాడు. అని, టీ తాగకుండానే, అందరికీ మళ్లీ నమస్కారాలు పెట్టి వెళ్లిపోయాడు.

అద్దం వెనకాల ఫణికిరణ్ తల వంచుకుని, ఏమీ లేని గాజుగొట్టంలోకి చూస్తున్నాడు.

మధుబాబు మానసని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"పోనీలేమ్మా. దేవుడున్నాడు. కోటు వేసుకో, నీ చోటు నీదే, ఇవాళే లోపలికెళ్లు. మూర్తి గారికి వీలు చూసుకుని నేను నెమ్మదిగా చెబుతాను. కంపెనీవాళ్ల చెవిన పడితే మాత్రం ల్యాబ్ మూసుకోవాల్సిందే. నువ్వు అర్థం చేసుకోగలవు."

"ఇప్పుడే చెప్పండి మూర్తి గారికి," అంది మానస.

"ఇప్పుడంటే, ఆయన పొలంలో ఉంటారేమో..."

"ఫోను ఆయన జేబులోనే ఉంటుందండి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మధుబాబు కూడా కొత్తగా చూశాడు. చేసేది లేక ఫోను కలిపాడు. ఆమె నిలబడే ఉండటం చూసి స్పీకరు పెట్టాడు. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు, దాని వెనక మూర్తిగారి గొంతు. మధుబాబు చుట్టూ తిప్పి, క్షేమసమాచారాలు అడిగి, అసలు మాట చివర్న చెప్పాడు. కంప్యూటర్లో ఏదో పొరపాటు జరిగిందనీ, అమ్మాయి తప్పేమీ లేదనీ.

"అమ్మాయి తప్పని నేనెప్పుడన్నానండీ?" అన్నాడు మూర్తి. "మీ ల్యాబ్‌లోంచి ఎలా బయటికొచ్చిందని అడిగాను. నాకేం తెలుసు ఎవరో. ఆ పిల్ల ఈమధ్యే స్కూటీ కొందండీ, ఏమో చూడాలి అన్నది మీరే. మీరన్నారు గనక నిజమే కాబోలనుకున్నాను."

మధుబాబు ఫోను చెవి దగ్గరికి తీసుకున్నాడు, స్పీకరు ఆపడం తెలియని వాడిలాగా. ఏదో చెప్పి పెట్టేశాడు.

"అన్నానా నేను? ఆ కంగారులో ఏదో..."

స్కూటీ. వాయిదాల మీద కొన్న స్కూటీ. ఇన్నాళ్లూ ఆమె మూర్తిగారు తనని అనుమానించారని అనుకుంది. నష్టపోయిన మనిషి, ఎవరినో ఒకర్ని అనక ఏం చేస్తాడని ఆయన్ని క్షమించడానికి కూడా ప్రయత్నించింది. ఎదురుగా కూర్చుని టీ తాగావా అని రోజూ అడిగిన ఈ మనిషి మీదికి ఒక్కసారి కూడా మనసు పోలేదు. ఇప్పుడు కోపం వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత తనలో ఏదో కదిలినందుకు ఆమెకి భయం కూడా వేసింది.

"ఈ మాట ముందు గదిలో చెప్పండి," అంది.

"వాళ్లు విన్నారు కదమ్మా."

"వీర్రాజు గారు చెప్పింది విన్నారు. మీరు చెప్పింది వినలేదు."

ఆమె తలుపు తీసి ముందు గదిలోకి వెళ్లి బల్ల వెనకాల నిలబడింది. కూర్చోలేదు. కాసేపటికి మధుబాబు వచ్చాడు. కండువా సర్దుకున్నాడు. బెంచీలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"ఏవండీ, మొన్నటి మూర్తిగారి సంగతి. అది మా కంప్యూటర్ల పొరపాటండి. పాత రౌటరుతో వచ్చిన చిక్కు. మన అమ్మాయికి దాంతో సంబంధం లేదు. నేనే కొంచెం తొందరపడ్డాను," అన్నాడు. చివరి ముక్క గోడ వంక చూసి అన్నాడు.

బెంచీలు ఒక్కసారి కదిలాయి.

"అబ్బే, మేమేం అనుకోలేదండీ."

"ఆ అమ్మాయి సంగతి మాకు తెలీదా?"

"అలాంటి పిల్ల కాదని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను," అంది సూర్యకాంతం అందరికన్నా గట్టిగా. "బంగారం లాంటి పిల్ల. ఎవరో ఏదో అంటారు, మనం పట్టించుకుంటామా?"

అందరూ మంచివాళ్లే. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎవరూ అనుకోని మాట ఈ గదిలో ఇన్నాళ్లూ ఎవరి నోట తిరిగిందో మానసకి అర్థం కాలేదు. అంతా ఇంత నిమ్మళంగా తుడిచేసుకుపోతే, తను పడింది కూడా ఎవరూ పడనట్టే తేలిపోతుంది. మధుబాబు నిట్టూర్చి లోపలికి వెళ్లిపోయాడు. ఎవరో ఫ్యాను స్పీడు పెంచమన్నారు.

సూర్యకాంతం సంచీ తడుముకుంటూ వచ్చింది. "ఇదిగో తల్లీ, రెండో చెరువు నీళ్లు. దీనిమీద నా పేరే రాయి, శుభ్రంగా." అని సీసా తీసి బల్ల మీద పెట్టింది.

మానస సీసా వంక చూసింది. చీటీ చింపలేదు. పెన్ను తియ్యలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపి, అరచెయ్యి తెరిచి, అలాగే ఉంచింది.

"అదిగో అక్కడే పెట్టానమ్మా," అంది సూర్యకాంతం.

మానస చెయ్యి కదపలేదు. బెంచీ మీద మాటలు సన్నగిల్లాయి. సూర్యకాంతం సీసా వంకా, ఆ చేతి వంకా చూసింది. ఆవిడ ముఖం మెల్లగా ఎర్రబడింది. పమిటకి చెయ్యి తుడుచుకుని, తనే పెట్టిన సీసాని బల్ల మీంచి మళ్లీ ఎత్తి, తెచ్చి మానస చేతిలో పెట్టింది.

సీసా తడిగా, చల్లగా ఉంది. మానస వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి.

"పేరు చెప్పండి," అంది.